పుట్టిన తేదీ లేనివాళ్ళు తినవచ్చు

మా ఆఫీసులో ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం రాదు. పన్నెండు మండలాల నుంచి నివేదికలు మా దగ్గరికి వస్తాయి. మావాళ్ళు వాటన్నిటినీ కలిపి ఒకే నివేదిక చేసి పైకి పంపుతారు. అందులో ఏదో తప్పుందని పైవాళ్ళు వెనక్కి పంపుతారు. అప్పుడు దాన్ని మళ్ళీ పన్నెండు ముక్కలు చేసి ఎవరిది వాళ్ళకి తిరిగి పంపుతారు. ఈ పనికి ఇరవై ఏడుగురం ఉన్నాం. అందులో నేను అటెండర్ని. అవుట్‌సోర్సింగ్.

ఇంత ప్రశాంతమైన చోటికి ఉపవాసం ఎలా వచ్చిందంటే, మా డైరెక్టరు సదానందం గారు సముద్రం ఒడ్డున ఏదో రిసార్టులో రెండు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. శిక్షణ పేరు ‘జీవక్రియ ఆరోగ్యం’. రోజుకి పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉంచి, మిగిలిన ఎనిమిది గంటల్లోనే తినేది తింటే కొవ్వు కరుగుతుందని, చక్కెర అదుపులో ఉంటుందని, బుర్ర పాదరసంలా పనిచేస్తుందని తెర మీద బొమ్మలు వేసి చూపించారట. మధ్యాహ్నం రొయ్యల వేపుడు, పనసకాయ బిర్యానీ పెట్టారట. ఈ రెండో సంగతి డ్రైవరు చెప్పాడు.

సోమవారం పొద్దున్నే మీటింగు పెట్టారు.

“మిత్రులారా! ఫైలు ఎందుకు కదలడం లేదు? అరుగుదల వల్ల! రక్తమంతా పొట్ట దగ్గరికి పోతే సంతకం పెట్టే చేతికి ఏం మిగులుతుంది?” అన్నారు డైరెక్టరు గారు.

సీనియర్ అసిస్టెంటు రాజ్యలక్ష్మి గారు నోట్లో ఉన్న పెసరట్టు ముక్కని నమలాలో మింగాలో తెలియక అలాగే బుగ్గన పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాటికల్లా సర్క్యులరు తయారైంది. రాసింది మా సూపరింటెండెంటు ధర్మలింగం గారు. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో కాగితం మీద లేని మాట ఒక్కటి కూడా మాట్లాడలేదంటారు. “ఈ కార్యాలయమున పనిచేయుచున్న ఆరోగ్యవంతులైన వయోజనులందరును, తదుపరి ఉత్తర్వులు వెలువడునంతవరకు, దినమునకు పదహారు గంటలకు తక్కువ కాకుండా నిరాహారులై ఉండవలెను.” చదివి వినిపించి అందరిచేతా సంతకాలు పెట్టించారు.

“మరి తినే ఎనిమిది గంటలూ ఎప్పటినుంచి ఎప్పటిదాకా అండీ?” అని అడిగారు రాజ్యలక్ష్మి గారు.

“తినడానికి ప్రభుత్వం ఎనిమిది గంటలు ఇస్తున్నప్పుడు అందులో ఆఫీసు టైము కలపడం న్యాయం కాదు. కాబట్టి సాయంత్రం ఆరు నుంచి రాత్రి రెండు వరకు.”

“రాత్రి రెండింటికి ఎవరు తింటారండీ?”

“తినమని లేదమ్మా. తినవచ్చు అని ఉంది.”

మధ్యాహ్నం భోజన విరామం మాత్రం తీసెయ్యలేదు. తీసెయ్యాలంటే పైనుంచి అనుమతి కావాలి. దానికి ‘జీవక్రియ పరిశీలన విరామం’ అని పేరు మార్చారు. ఒంటిగంట నుంచి రెండింటిదాకా అందరూ ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని ఎవరి పొట్టలోకి వాళ్ళు శ్రద్ధగా చూసుకోవాలి. టీ సంగతి రెండు రోజులు చర్చ జరిగింది. చివరికి పాలు, పంచదార, టీపొడి లేని పక్షంలో టీ తాగవచ్చని తేల్చారు. ఆ వేడినీళ్ళు గ్లాసుల్లో పోసి ఇరవై ఆరు బల్లల మీదా పెట్టే పని నాది.

నాకు వీటన్నిటిలో నవ్వొచ్చే సంగతులు తర్వాతెప్పుడో కనిపించాయి. అప్పుడు మాత్రం కనిపించలేదు. నా కూతురు యోషితకి అప్పటికి ఏడు నెలలు. రోజూ ఒంటిగంటకి మా అత్తగారు మాణిక్యం దాన్ని చంకనేసుకుని షేర్ ఆటోలో తీసుకొచ్చేది. నేను రికార్డు గదిలో పాత ఫైళ్ళ వెనకాల చాప వేసుకుని పాలిచ్చేదాన్ని. పిల్ల తుమ్మితే జలుబేమోనని, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమోనని కంగారుపడే రకాన్ని నేను. రోజుకి ఎన్ని గుడ్డలు తడిపిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. మామూలుగా ఎనిమిది తొమ్మిది ఉండేవి.

ఇంట్లో పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తిని రావచ్చు కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదటి వారం తిన్నాను. రెండో వారం ఆఫీసు గుమ్మంలో వేలిముద్ర మిషను పక్కన చక్కెర చూసే మిషను పెట్టారు. సూదితో వేలు పొడిచి రక్తం చుక్క తీస్తారు. అంకె పెరిగితే రాత్రి రెండు తర్వాత ఏదో తిన్నట్టే. రోజూ అదే వేలు పొడిస్తే వేలిముద్ర మిషను గుర్తుపట్టడం మానేసింది. దాంతో నియమంగా ఉపవాసం ఉన్నవాళ్ళందరికీ ఆబ్సెంటు పడింది. హాజరు పడిన నలుగురికీ వేలు పొడిపించుకోలేదని మెమోలు వెళ్ళాయి.

ఇంతలో పక్క జిల్లా ఆఫీసు వాళ్ళు పద్దెనిమిది గంటలు ఉంటున్నారని కబురొచ్చింది. డైరెక్టరు గారి మొహం మాడిపోయింది.

“మనం ఇరవై! ఇరవై గంటలు! తగ్గేది లేదు,” అన్నారు.

“సాయంత్రం ఆరు నుంచి పది వరకు తినవచ్చు,” అని ధర్మలింగం గారు సర్క్యులరు దిద్దారు.

ఇరవై గంటలు మొదలైన అయిదో రోజుకి నాకు పాలు తగ్గిపోయాయి. పిల్ల రెండు నిమిషాలు తాగి, తల పక్కకి తిప్పి, గుక్కపట్టి ఏడ్చేది. గుడ్డలు అయిదుకి దిగాయి. అంగన్‌వాడీలో తూస్తే ఏడు కిలోల రెండొందల నుంచి ఆరు కిలోల తొమ్మిదొందలకి వచ్చింది. అంగన్‌వాడీ టీచరు రిజిస్టరులో ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసింది. ఆ ఎర్ర గీత కళ్ళు మూసుకున్నా కనిపించేది.

“పిల్ల గొంతుక ఎండిపోతంది, నీకు కనపడతందా లేదా?” అని మా అత్తగారు రికార్డు గదిలో నా మీద పడింది. “పది పాసవ్వలేదు, ఆపీసుద్యోగం దొరికిందని మురిసిపోయావు. ఏ ఆపీసులోనైనా మనుసుల్ని మాడ్చి పని చేయించుకుంటారంటే? మానెయ్!”

“మానేస్తే ఎలా అత్తయ్యా? మళ్ళీ ఎక్కడ దొరుకుద్ది?”

“అయితే తిను!”

మర్నాడు బొడ్లో మూట కట్టి అటుకులూ బెల్లమూ తెచ్చింది. పిల్లకి పాలిస్తూ తినేదాన్ని. నాలుగు రోజులు ఎవరికీ తెలియలేదు. అయిదో రోజు రాలిన బెల్లం పొడి కోసం చీమలు వచ్చాయి. అవి వచ్చిన దారినే పోకుండా 1998 నాటి నివేదికల్లోంచి బారు కట్టి ధర్మలింగం గారి బల్ల మీదుగా వెళ్ళాయి. ఆయన లేచి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ బారు వెంబడే మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా ముందు ఆగారు. నా బుగ్గలో అటుకులున్నాయి.

“నాగవేణీ. ఇది జీవక్రియ పరిశీలన విరామం.”

“పాలు రావడం లేదండీ. పిల్ల...”

“ఆరోగ్యవంతులు కారని డాక్టరు దగ్గర రాయించుకుని రా. నియమం వర్తించదు.”

ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ నా కళ్ళు చూసింది, నాలుక చూసింది, బరువు చూసింది.

“నీకేం, రాయిలా ఉన్నావు. ఈ ఉపవాసం వల్ల ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కొంత మేలు ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. ఇష్టమైనవాళ్ళు చేసుకుంటారు. పాలిచ్చే తల్లి మాత్రం ఇలా మాడకూడదు. ఎవరమ్మా ఈ రూలు పెట్టింది?”

“మా ఆఫీసండీ.”

“మీది ఆరోగ్యశాఖా?”

“కాదండీ. నివేదికలు.”

ఆవిడ కాసేపు పెన్ను కొరుక్కుని ఇలా రాసిచ్చింది: ‘ఈమె ఆరోగ్యంగా ఉన్నారు. పాలిచ్చే తల్లి. ఉపవాసం ఉండరాదు.’

ధర్మలింగం గారు ఆ కాగితం మూడుసార్లు చదివారు. “మొదటి వాక్యంలోనే ఆరోగ్యంగా ఉన్నారు అని ఉంది కదమ్మా. నియమం నీకు వర్తిస్తుంది.”

“మూడో వాక్యం కూడా చూడండి.”

“అది సలహా. మొదటిది ధ్రువీకరణ.”

“పోనీ ఆరోగ్యం బాగాలేదని రాయించుకొస్తానండీ.”

“అలా రాయిస్తే పనికి పనికిరావని ఏజెన్సీకి తెలియజేయాలి. వాళ్ళు ఇంకొకరిని పంపుతారు.”

ఆరోగ్యంగా ఉంటే పిల్ల మాడుతుంది. లేకపోతే ఉద్యోగం పోతుంది. అటుకులు తిన్నందుకు నా మీద అభియోగ పత్రం రాయాలని ఆయన అప్పటికే కొత్త ఫారం తీసి పెన్ను టోపీ విప్పారు.

“పేరు?”

“పలివెల నాగవేణి అండి.”

“పుట్టిన తేదీ?”

చెప్పాను.

“పదో తరగతి మార్కుల మెమో?”

“లేదండీ. తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాను. అమ్మకి పక్షవాతం వచ్చిందని.”

పెన్ను ఆగింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఎప్పుడో మా ఆఫీసులో ఒక గుమాస్తా తన వయసుని మూడుసార్లు మార్పించుకుని, తమ్ముడి కంటే చిన్నవాడై, రిటైరవడానికి ఒప్పుకోలేదట. అప్పటినుంచి ఈ ఆఫీసులో పదో తరగతి మెమో తప్ప వయసుకి ఇంకేదీ రుజువు కాదని నియమం. ఆ నియమం రాసింది కూడా ధర్మలింగం గారే. తన మెమో ఆయన ఎప్పుడూ సొరుగులోనే ఉంచుకుంటారు. ఫస్టు క్లాసు. లామినేషన్ చేయిస్తే చెల్లదని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు.

“ఆధార్ ఉందండీ,” అన్నాను.

“ఆధార్ నువ్వు ఎవరో చెబుతుంది. ఎప్పటినుంచి ఉన్నావో చెప్పదు.”

“బడి కాగితాలు...”

“జాబితాలో లేవు.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. సర్క్యులరు తీసి ‘ఆరోగ్యవంతులైన వయోజనులు’ అన్నచోట వేలు పెట్టి చాలాసేపు చూశారు. “ఆరోగ్యవంతురాలు. దానికి రుజువుంది. వయోజనురాలు...” ఆగిపోయారు.

ధైర్యం చేసి అడిగేశాను. “అంటే నేను పెద్దదాన్ని కాదాండీ?”

“నిర్ధారణ కాలేదు.”

“నిర్ధారణ అయ్యేదాకా తినొచ్చాండీ?”

ఆయన సర్క్యులరు తిరగేసి వెనక కూడా చూశారు. వెనక ఏమీ లేదు. “తినకూడదని చెప్పే అధికారం నాకు లేదు,” అన్నారు, చాలా బాధగా.

నేను ఏడ్చేశాను. చదువు ఆగిపోయినందుకు అంతకుముందు చాలాసార్లు ఏడ్చాను గానీ, ఇలా ఎప్పుడూ ఏడవలేదు.

ఫైలు డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“మైనరా? మన ఆఫీసులో బాల కార్మికురాలా? పేపరువాళ్ళకి తెలిస్తే!”

“మైనరని కూడా రుజువు లేదు సార్,” అన్నారు ధర్మలింగం గారు. “మేజరని లేదు, మైనరని లేదు. వయసు లేదు సార్. అంతే.”

గుమ్మం బయట పిల్లని ఎత్తుకుని నిలబడ్డ మా అత్తగారికి అది వినపడింది. తోసుకుని లోపలికొచ్చేసింది.

“వయసు లేకపోవడమేంటయ్యా బాబూ? నా కొడుక్కి చేసుకున్నప్పుడే దీనికి నిండా ఇరవై. ఇదిగో, బిడ్డతల్లి! బిడ్డని చూడండి!”

“అత్తయ్యా, నువ్వూరుకో,” అన్నాను చెయ్యి పట్టుకుని. జీవితంలో మొదటిసారి ఆవిడ నా తరఫున మాట్లాడుతోంది, అదీ ఇప్పుడే.

“బిడ్డ పుట్టడం వయసుకి రుజువుగా మా జాబితాలో లేదమ్మా,” అన్నారు ధర్మలింగం గారు.

“మరి ఈ పిల్లకైనా వయసుందా, దీనికీ లేదా?”

“జనన ధ్రువపత్రం ఉందా?”

“ఎందుకు లేదు? మున్సిపాలిటీ వాళ్ళిచ్చారు. స్టాంపుతో!”

“అయితే ఉంది. ఈ గదిలో ఆవిడకి ఉంది,” అని ఆయన పిల్ల వైపు కొంచెం గౌరవంగా చూశారు.

నా వయసు ఎంతో తేల్చి చెప్పమని పైకి రాశారు. జవాబు వచ్చేదాకా నేను ‘వయోనిర్ధారణ పెండింగులో ఉన్న వ్యక్తి’ని. ఎప్పుడైనా, ఏదైనా తినవచ్చు. పైకి వెళ్ళినవన్నీ ముందు మా ఆఫీసుకే తిరిగొస్తాయి కాబట్టి ఆ జవాబు గురించి నాకు పెద్దగా బెంగ లేకపోయింది.

మర్నాడు ఒంటిగంటకి నా బల్ల దగ్గరే డబ్బా తెరిచాను. ములక్కాడ పులుసు, అన్నం, రెండు గుడ్లు. ఇరవై ఆరుగురు వేడినీళ్ళ గ్లాసులు చేత్తో పట్టుకుని నన్నే చూశారు. పిల్ల మొహం గుర్తుచేసుకుని తిన్నాను.

ఆ సాయంత్రం రాజ్యలక్ష్మి గారు నన్ను మెట్ల దగ్గర ఆపారు. “ఏమే నాగవేణీ, మెమో లేకపోతే అంతేనా? ఇంకేం అడగరా?”

“అంతేనండీ.”

మర్నాడు ఆవిడ మెమో వరదల్లో కొట్టుకుపోయింది. వాళ్ళ ఇల్లు కొండ మీద. ఆ మర్నాడు క్యాషియరు గారి మెమోని చెదలు తినేశాయి. టైపిస్టు గారిది వాళ్ళ తాతగారి అస్థికలతో పాటు పొరపాటున నదిలో కలిసిపోయింది. డ్రైవరుది మేక తిన్నది. ఆ మేక ఫోటో కూడా జతచేశాడు. “సర్వీసు రిజిస్టరులో తేదీ ఉంది కదా!” అని డైరెక్టరు గారు గింజుకున్నారు. “దానికి ఆధారం మెమోయే సార్. మెమో లేకపోతే అది ఊహ,” అన్నారు ధర్మలింగం గారు. నెల తిరిగేసరికి డైరెక్టరు గారికి కూడా తన మెమో ఎక్కడ పెట్టారో గుర్తు రాలేదు. మెమో దొరక్కపోతే రిటైరవడం కూడా కుదరదని ఎవరో చెప్పాక వెతకడం మానేశారు.

మధ్యాహ్నం హాల్లో పప్పు, పచ్చళ్ళు, వేపుళ్ళ వాసన. రాజ్యలక్ష్మి గారి పెసరట్లు బహిరంగంగా బల్ల మీదకి వచ్చాయి. ఆఫీసు మొత్తంలో రుజువైన ఆరోగ్యవంతుడైన వయోజనుడు ఇక ఒక్కరే మిగిలారు. ధర్మలింగం గారు.

ఆయన మీదే ఆఫీసు పరువంతా పడింది. పక్క జిల్లా వాళ్ళు ఇరవై ఒకటికి వెళ్తే డైరెక్టరు గారు గారె నములుతూ, “ధర్మలింగం గారూ, మనం ఇరవై రెండు!” అన్నారు. ఆయన ఇరవై రెండు చేశారు. ప్యాంటు జారుతుంటే కాగితాలకి చిల్లులు కొట్టే మిషనుతో బెల్టుకి కొత్త చిల్లు కొట్టుకున్నారు. వారం తర్వాత ఇంకోటి. రోజూ పొద్దున్నే తన వేలు తానే పొడుచుకుని, తన అంకె తానే రాసుకుని, దాని కింద తానే సంతకం పెట్టేవారు. దొంగతనంగా ఒక పల్లీ కూడా తినలేదు. నాకు ఆయన్ని చూస్తే కోపం రావాలి. రాలేదు. పిల్లలు అన్నం తినకపోతే వచ్చే కంగారు వచ్చింది.

ఒకరోజు ఒంటిగంటకి రికార్డు గదిలో పిల్లని చాప మీద కూర్చోబెట్టుకుని డబ్బా తీశాను. గోంగూర అన్నం, ఊరమిరపకాయలు. గుమ్మంలో నీడ పడింది. ధర్మలింగం గారు. లోపలికి రాలేదు, వెళ్ళనూ లేదు.

“పిల్లకి పళ్ళొచ్చినట్టున్నాయే?” అన్నారు కాసేపటికి.

“రెండండీ, కిందివి. చేతికి ఏది దొరికితే అది నమిలేస్తందండి. కాగితమైతే మరీనూ. భయమేస్తది.”

ఆయన వెళ్ళిపోయారు. అయిదు నిమిషాలకి మళ్ళీ వచ్చారు. చేతిలో ఆ ప్లాస్టిక్ కవరు.

“ప్లాస్టిక్కు పిల్లలకి మంచిది కాదు,” అంటూ కవరు విప్పి జేబులో పెట్టుకున్నారు. మెమో తీసి, రెండు చేతులతో మడతలు సవరించి, చాప మీద యోషితకి అందేంత దూరంలో పెట్టారు. “నేను ఆ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాను,” అన్నారు.

నా పిల్ల నన్నొకసారి చూసి, మెమోని చూసి, రెండు చేతులా అందుకుని మూల నోట్లో పెట్టుకుంది. నేను ఆగగలిగినంత ఆగాను. ఇంకు కడుపులోకి పోతుందేమోనని భయమేసి, వేలు పెట్టి నోట్లోంచి నానిన ముక్కలన్నీ తీసేశాను. తేదీ, నెల, సంవత్సరం, అన్నీ ఉండ అయిపోయాయి.

ఆయన వెనక్కి తిరిగి మిగిలిన కాగితం అందుకున్నారు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు.

“ఫస్టు క్లాసు ఉంది,” అన్నారు మెల్లగా. “అది పోలేదు.”

“పోలేదండీ.”

డబ్బా మూతలో సగం అన్నం పెట్టి ఇచ్చాను. పాత ఫైళ్ళ మధ్య నేల మీద కూర్చుని తిన్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా ఉండిపోయారు. తర్వాత, “కాస్త ఉప్పు తక్కువైంది,” అన్నారు. కాగితం మీద లేని మాటలు ఆయన మాట్లాడగా వినడం నాకు ఆ రోజే మొదలు.

ఆ నెల నివేదిక ఆయనే రాశారు: ‘కార్యాలయమున రుజువు కాబడిన ఆరోగ్యవంతులైన వయోజనులు: లేరు. నియమమును ఉల్లంఘించినవారు: లేరు.’ ఉల్లంఘన బొత్తిగా లేని ఆఫీసు రాష్ట్రంలో మాదొక్కటేనట. డైరెక్టరు గారికి షీల్డు ఇచ్చారు. ఇచ్చిన రోజున విందు కూడా పెట్టారు.

యోషిత ఇప్పుడు ఏడు కిలోల ఆరొందలు. అంగన్‌వాడీ టీచరు ఈసారి నీలం పెన్నుతో రాసింది. గుడ్డలు మళ్ళీ తొమ్మిది. నిన్న మాత్రం ధర్మలింగం గారు నన్ను పిలిచి, కొత్త రిజిస్టరు ఒకటి తెరిచి, పిల్ల జనన ధ్రువపత్రం నకలు ఒకటి తెచ్చిమ్మన్నారు.

“ఎందుకండీ?” అన్నాను.

“ఆఫీసులో ఒక్కరికైనా వయసు ఉండాలి కదమ్మా,” అన్నారు.